పురుగు పాలలో తేలాలి

ముసురు పట్టి వెలిసిన మర్నాడు పిన్ని తేనెటీగల పెట్టె తెరిస్తే ముందు తేనె చూడదు, రాణిని వెతకదు. పిల్ల ఉన్న చట్రం ఒకదాన్ని రెండు చెవులూ పట్టుకుని నిటారుగా పైకి లాగుతుంది. ఎండకు వీపు పెట్టి నిలబడుతుంది. వెలుగు తన భుజం మీదుగా వచ్చి అరల అడుగున పడేలా చట్రాన్ని కాస్త వంచుతుంది. ఒక్కో అర అడుగున ఒళ్లు వంకర చుట్టుకుని ఒక తెల్లటి పురుగు ఉంటుంది. దాని కింద పాలున్నాయా లేవా? ఆమె చూసేది అదొక్కటే.

"చూడమ్మాయ్, ఇది పాలలో తేలుతోంది. పక్క అరలోది చూడు, నేల మీద పడుకుంది. తెలుస్తోందా?"

కళ్లు చికిలించుకుని చూస్తే తెలిసింది. మొదటి పురుగు చుట్టూ మీగడ రంగు తడి మెరుస్తోంది. రెండోది పొడి అడుగు మీద ఉంది. రెండూ ఒకే రాణి పెట్టిన గుడ్లలోంచి వచ్చినవి, వయసూ ఒకటే. చట్రం నడిమి భాగమంతా ఇంకా తడిగానే ఉంది. అంచుల్లో ఎండిపోవడం మొదలైంది.

"గాలివానకి మూడు రోజులు బయటికి పోలేదు. పాలు తగ్గించేసినయ్. ఇంకో రెండు రోజులు ఇట్టాగే ఉంటే పురుగుల్ని లాగి బయట పారేస్తయ్."

పైమూలల్లో తేనె ఇంకా కనబడుతూనే ఉంది. రాణి గుడ్లు పెడుతూనే ఉంది. గుమ్మం దగ్గర ఈగల రాకపోకలు జోరుగానే ఉన్నాయి. బయటినుంచి చూసినవాడెవడైనా ఆ పెట్టె దివ్యంగా ఉందనే అంటాడు. లోపల మాత్రం పిల్లలకు పాలిచ్చే ఈగలు చేయి బిగించాయి. కరువు వస్తోందన్న సంగతి తేనె నిల్వలో కనబడడానికి చాలా ముందే ఆ పాల తడిలో కనబడుతుంది. అది చూడగలిగిన కన్ను ఉంటే ఆ కాలనీ బతుకుతుంది.

ఆమె నాకు వరసకు పిన్ని కాదు. కాలేజీలో నాతో చదివిన స్నేహితురాలికి పిన్ని, అలా నాకూ పిన్ని అయింది. ఏలూరు జిల్లాలో, నూజివీడు దాటాక మామిడి తోటల మధ్య నూరుకు పైగా తేనెటీగల పెట్టెలు పెట్టుకున్న కుటుంబం వాళ్లది. సంపాదకులు నన్ను అడిగింది తేనె పరిశ్రమ మీద ఒక కథనం. రాయితీలు, దిగుబడులు, మార్కెట్ అన్నీ ఉండాలన్నారు. ఆ ప్రశ్నలు రాసుకునే వెళ్లాను. ఆ చట్రం చూశాక అవి అడగబుద్ధి కాలేదు.

ఆమె వేళ్ల గురించి చెప్పాలి. గోళ్ల చుట్టూ, వేలి ముడతల్లో ఎర్రటి గోధుమరంగు జిగురు పట్టేసి ఉంటుంది. ఈగలు చెట్ల బెరడు మీంచి తెచ్చి పెట్టెలో సందులు మూయడానికి వాడే బంక అది. సబ్బుకు వదలదు. చీర మీద భర్త పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కుంటుంది. గ్లవ్స్ వేసుకోదు. వేసుకుంటే వేలి కింద ఈగ నలిగినా తెలియదంటుంది. ఒక ఈగ నలిగితే అరటిపండు వాసన లాంటిది లేస్తుంది, అది మిగతావాటికి కుట్టమని పిలుపు. ఆమె వేళ్లు చట్రం చెవుల మీదికి వెళ్లే ముందు ఒక్క క్షణం గాలిలో ఆగుతాయి. అక్కడున్న ఈగలకు తప్పుకునే వ్యవధి ఇచ్చి, అప్పుడు ఆనిస్తుంది. నేనున్నంతసేపట్లో ఒక్కసారి కుట్టించుకుంది. ముల్లును రెండు వేళ్లతో పట్టి పీకలేదు. గోటితో పక్కకు గీరేసింది. గీరినచోట పొగ డబ్బా ఒకసారి ఊది, చెప్తున్న మాట ఆపకుండా పనిలో పడింది.

రెండో వైపు చూడాలంటే చట్రాన్ని పళ్లెంలా వెల్లకిలా తిప్పదు. ఒక చెవి పైకి, ఒక చెవి కిందికి వచ్చేలా నిలువునా తిప్పి, ఆ నిలువులోనే పక్క మార్చి మళ్లీ దించుతుంది. కొత్తగా వచ్చిన మకరందం నీళ్లలా పలచగా ఉంటుంది, చట్రం పడుకోబెడితే అరల్లోంచి జారిపోతుంది. ఎండవేడికి మెత్తబడిన కొత్త మైనమైతే పట్టు పట్టుగా విరిగి కిందపడుతుంది. ఈ తిప్పడం ఎవరు నేర్పారని అడిగితే, "ఒక రాణి మీద పట్టు విరిగి పడితే నీకే తెలుస్తది" అంది.

తేనెటీగలవాళ్లకు వసంతం అంటే ఒక లెక్క. పిన్ని పెంచే ఇటాలియన్ తేనెటీగల్లో కూలి ఈగ గుడ్డు నుంచి ఈగగా బయటికి రావడానికి 21 రోజులు. ఆ తర్వాత సుమారు మూడు వారాలు ఇంటి పనే. అరలు తుడవడం, పిల్లలకు పాలివ్వడం, మైనం కట్టడం, గుమ్మం కాయడం. ఆ తర్వాతే పూలమీదికి వెళ్తుంది. అంటే ఉగాది నాటి వేపపూతకు వెళ్లాల్సిన ఈగ శివరాత్రికి కొన్నాళ్లు ముందే గుడ్డుగా పడి ఉండాలి. రాణి గుడ్లు పెట్టడం అప్పటికి ఉన్న తిండిని, వేడిని బట్టి ఉంటుంది. రాబోయే వాతావరణం రాణికి తెలియదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనం చెప్పుకునే కాలం ఒకటుంది. చలి మెల్లగా వెనక్కి తగ్గేది, మామిడి పూత పిందెపడేది, మోదుగ, వేప, కానుగ ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. ఈగల గుంపు ఆ వరసతోపాటే పెరిగేది. ఇప్పుడు చలి ఒక్కసారిగా తెగిపోతోంది. 2023 ఫిబ్రవరిలో దేశంలో సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 1901 నుంచి ఉన్న లెక్కల్లో ఆ నెలకు అత్యధికం. ఆ మరుసటి నెల మధ్యలోనే రెండు తెలుగు రాష్ట్రాల్లో వడగళ్లు పడ్డాయి. అంతకు ముందు ఏడాది, 2022లో, మార్చి సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత కూడా 1901 నుంచి ఆ నెలకు అత్యధికం. ఫిబ్రవరి వేడికి రాణి రెచ్చిపోయి రోజుకు వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది. పెట్టె నిండా పిల్ల. సరిగ్గా అప్పుడు ద్రోణి వచ్చి, ఈదురుగాలి వీచి, వేపపూత నేలరాలి, మిగిలిన పువ్వులో మకరందం కడుక్కుపోతుంది. తినే నోళ్లు ఏడాదిలో అత్యధికంగా ఉన్నరోజునే తెచ్చేవాళ్లు గుమ్మం దాటలేరు.

వానాకాలంలో పూలు ఉండవని అందరికీ తెలుసు. పెట్టెలవాళ్లు దానికి ముందే సిద్ధంగా ఉంటారు. పూలకాలం నడిమధ్యన వచ్చే ఆకలే మోసం చేస్తుంది. చుట్టూ పచ్చగా ఉంటుంది, చెట్టు మీద పువ్వు కూడా కనబడుతుంది, పెట్టెలో ఈగలు కిక్కిరిసి ఉంటాయి. నాలుగు రోజుల తర్వాత తెరిస్తే అరల్లోకి తలలు దూర్చి, తోకలు బయటికి పెట్టి, వరసలు వరసలుగా చచ్చిపోయి ఉంటాయి. చివరి చుక్క కోసం అర అడుగుదాకా వెళ్లి అక్కడే ఆగిపోయినవి. పిన్ని అలాంటి పెట్టె ఒకటి తన మొదటి ఏళ్లలో చూసింది. దాని గురించి చెప్పేటప్పుడు ఆమె గొంతు మారింది. "మన తొర్ర ఈగైతే ఆకలేస్తే ఇల్లు వదిలి లేచిపోతది. ఎక్కడో ఒకచోట బతుకుద్ది. ఈ ఇటాలియన్ది నమ్ముకుని కూర్చుంటది. నమ్ముకున్నదాన్ని చంపుకుంటే ఎట్టా?"

అందుకని ముసురు రోజుల్లో ఆమె పెట్టెల మధ్య తిరుగుతూనే ఉంటుంది. తెరవదు. పిల్ల ఉన్నచోట ఈగలు 34, 35 డిగ్రీల వేడి నిలబెట్టుకుంటాయి. తడిగాలిలో మూత తీస్తే ఆ వేడి పోతుంది, తిరిగి తెచ్చుకోవడానికి ఉన్న కాస్త తేనె ఖర్చవుతుంది. కాబట్టి పెట్టె వెనక్కి వెళ్లి, అడుగు అంచు కింద నాలుగు వేళ్లు పెట్టి రెండంగుళాలు పైకెత్తి దించుతుంది. సంతలో గుమ్మడికాయను చేతిలో ఆడించి బరువు చెప్పే ఆడవాళ్లను చూసి ఉంటారు, ఆ తీరే. "ఇది నాలుగు రోజులు ఆగుద్ది. ఇది రేపటికి లేదు." రేపటికి లేనిదాని మూత మీద చిన్న ఇటుకముక్క పెడుతుంది, రెండు రోజులున్నదానికి అడ్డంగా ఒక పుల్ల. వరస చివరికి వెళ్లి వెనక్కి తిరిగి చూస్తే ఏ పెట్టెకు ఏం కావాలో అక్కడే రాసి ఉంటుంది. గుమ్మం ముందు పలక మీద తెల్లటి పురుగులు లాగి పడేసి ఉంటే ఇక ఎత్తి చూడక్కర్లేదు.

సాయంత్రం పంచదార నీళ్లు పెడుతుంది. పంచదార, నీళ్లు సమానంగా కలిపి, గోరువెచ్చగా చల్లారిస్తే పూలరసానికి దగ్గరగా ఉంటుంది. నిల్వ పెట్టుకోవడానికైతే రెండు పాళ్ల పంచదారకు ఒక పాలు నీళ్లు. పొద్దుపోయాకే పెట్టాలి. పగలు పెడితే ఆ వాసనకు బలమైన పెట్టెల ఈగలు బలహీనమైనవాటి మీద పడి దోచేస్తాయి. కరువులో తేనెటీగలు ఒకదాన్నొకటి దోచుకుంటాయని, అది మొదలైతే ఆపడం చాలా కష్టమని అక్కడే విన్నాను. బలహీనమైనవాటి గుమ్మాన్ని చెక్కముక్కతో రెండు ఈగలు పట్టేంతకు కుదించి పెడుతుంది. కాపలాకు అప్పుడు రెండే చాలు.

ఈ పంచదార నీళ్లు పెట్టే ముందు ఆమె చేసే పని ఒకటుంది. పైన తేనె గది ఉంటే దాన్ని తీసేస్తుంది. తీసిన తర్వాతే కింద పిల్ల గదిలో తిండి పెడుతుంది. పైగది ఉంచి పెడితే ఈగలు ఆ పంచదారను తీసుకెళ్లి అక్కడే దాచుతాయి. చూసేవాళ్లకు తేనెలాగే ఉంటుంది, మూత కూడా వేస్తాయి. తేనె తీసి అమ్మితే ఎవరికీ తెలియకపోవచ్చు. ఆమె తీసేస్తుంది. తీసి, చట్రాలు విడిగా దాచి, మైనపు పురుగు పట్టకుండా కాచుకుని, పూత తిరిగి వచ్చాక మళ్లీ పెడుతుంది. ఆ శ్రమకు ఆమెకు ఎవరూ అదనంగా ఒక్క రూపాయి ఇవ్వరు.

నాకు కోపం వచ్చింది ఇక్కడే. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 13 తేనె బ్రాండ్లను పరీక్ష చేయిస్తే అన్ని పరీక్షల్లోనూ నెగ్గినవి మూడే. మిగతావాటిలో చక్కెర సిరప్ కలిసిందన్నారు. నాలుగు రోజులు వార్తల్లో నలిగి ఆ సంగతి సద్దుమణిగింది. సిరప్ కలిపిన తేనె, పైగది తీసి కూర్చున్న ఈ మనిషి తేనె ఒకే షాపులో ఒకే అలమరలో ఉంటాయి. కొనేటప్పుడు వ్యాపారి రెండింటికీ ఒకే ధర కడతాడు. అసలు తేనెను ఈ దేశంలో నిలబెడుతున్నది ప్రయోగశాల కాదు, సాయంత్రం ఐదింటికి పైగది తీయాలా వద్దా అన్నచోట ఒక మనిషి తీసుకునే నిర్ణయం. ఆ నిర్ణయానికి మనం ఏ విలువా కట్టడం లేదు.

వాన మరో రకంగానూ తేనెను చెడగొడుతుంది. పువ్వులోంచి వచ్చే రసంలో సగానికి పైగా నీరే. ఈగలు రాత్రంతా రెక్కలు ఆడించి దాన్ని ఎండగడతాయి, నీరు తగ్గాక పైన మైనం మూత వేస్తాయి. గాలిలో తేమ ఎక్కువైతే అది ఎండదు. తేనెలో తేమ 20 శాతం దాటకూడదని ఆహార భద్రతా ప్రమాణాలు చెబుతున్నాయి. దాటితే పులుస్తుంది. పిన్ని దగ్గర తేమ కొలిచే సాధనం ఉంది, కానీ ముందు చేత్తోనే చూస్తుంది. చట్రాన్ని పెట్టె మీద అడ్డంగా పట్టుకుని ఒక్కసారి కిందికి జాడిస్తుంది. చుక్కలు రాలితే ఇంకా పచ్చి, తిరిగి లోపలికి. రాలకపోతే, అరల్లో ముప్పాతిక భాగం మూత పడి ఉంటే, తీయొచ్చు. లారీ పట్టుకుని వచ్చి నిలబడే వ్యాపారికి ఈ ఆగడం నచ్చదు. పచ్చిదే తీసెయ్యమంటాడు, తాను తీసుకెళ్లి వేడిచేసి నీరు తీసుకుంటానంటాడు. ఆమె ఇవ్వదు. ఇవ్వనందుకు వానొచ్చి ఆ వారం పూత పోతే నష్టం ఆమెదే.

వాన వెలిశాక గాలికి తిరగబడిన పెట్టెలు రెండు చూపించింది. మూతలమీద ఇటుకలు పెట్టి, తాళ్లతో కట్టినా పడిపోయినవి. ఒకదాంట్లో రాణి లేదు. రాణి పోయిన సంగతి ఈగలకు గంటల్లో తెలిసిపోతుంది. చిన్న పురుగుల్లో కొన్నింటిని ఎంచుకుని, వాటి అరలు పెద్దవి చేసి, రాజపాలు పోసి కొత్త రాణుల్ని తయారు చేసుకుంటాయి. గుడ్డు నుంచి లెక్కేస్తే 16 రోజుల్లో రాణి పుడుతుంది. పుట్టడంతో పని అయిపోదు. ఆ కన్నె రాణి ఎండ కాసే ఒక మధ్యాహ్నం, గాలి నెమ్మదిగా ఉన్నప్పుడు ఆకాశంలోకి వెళ్లి పోతు ఈగలతో జతకట్టి రావాలి. ముసురు పట్టి రోజుల తరబడి వెళ్లలేకపోతే, మూడు వారాలు దాటితే, ఇక ఆమె జతకట్టలేదు. పెట్టే గుడ్లన్నీ పోతు ఈగలే అవుతాయి. పని చేసేది ఒక్కటీ పుట్టదు. బయటికి సందడిగా కనబడుతూనే ఆ పెట్టె అంతరించిపోతుంది.

పిన్ని ఆ పదహారు రోజుల జూదం ఆడలేదు. "ఈ గాలిని నమ్మి రాణిని పంపను" అంది. రాణి లేని పెట్టెను పక్కన రాణి ఉన్న బలహీనమైన పెట్టెతో కలిపేసింది. రెండు గుంపుల్ని ఒక్కసారిగా కలిపితే కొట్టుకు చస్తాయి. అందుకని రాణి ఉన్న పెట్టె మూత తీసి, పైన న్యూస్ పేపర్ షీటు ఒకటి పరిచింది. గుండుసూదితో అక్కడక్కడా పొడిచింది. దాని మీద రాణి లేని పెట్టె అడుగు తీసి కూర్చోబెట్టింది. పైవి, కిందవి ఆ సన్నటి కాగితాన్ని కొరుక్కుంటూ ఒకదాని వాసన ఒకదానికి అలవాటు చేసుకుంటాయి. పేపరు నలిగి తునకలై గుమ్మంలోంచి బయటికి వచ్చేసరికి వైరం పోయి ఉంటుంది. పేపరు పరిచేటప్పుడు ఆమె అంచులు ఎంత జాగ్రత్తగా సరిచేసిందంటే, చిన్న సందున్నా ఒక ఈగ ముందే దూరి గొడవ మొదలవుతుందని చూపుడువేలితో నాలుగు పక్కలా నొక్కుకుంటూ వెళ్లింది. ఇంత పని ఏ కరపత్రంలోనూ రెండు లైన్లకు మించి ఉండదు.

మేము అరుగు మీద టీ తాగుతుండగా పక్క ఊరి కుర్రాడొకడు బైక్ మీద వచ్చాడు. సంచిలోంచి ఒక చట్రం తీశాడు. తెల్లటి బూజులాంటి గూడు అల్లుకుని, అరలన్నీ పొడి పొడి అయిపోయి ఉంది. మైనపు పురుగు. ప్రభుత్వ పథకం కింద పది పెట్టెలు తీసుకున్నాడట, కొద్దిరోజుల శిక్షణ కూడా అయ్యిందట. ఫిబ్రవరిలో ఈగలు పొంగిపొర్లుతుంటే అన్నింటికీ తేనె గదులు పెట్టేశాడు. మార్చి గాలివానకు ఇల్లు పెద్దది, మనుషులు తక్కువ అయిపోయి ఖాళీ చట్రాలు కాపలా లేక పురుగు పాలయ్యాయి. "బాక్సులొచ్చినరోజు ఫొటో దిగినారన్నా. తర్వాత ఒక్కళ్లూ మూత తీసి చూడలా" అని పిన్ని కొడుకుతో అంటున్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. వడగళ్లు పడ్డాక నష్టం రాసుకోవడానికి ఒక ఉద్యోగి వచ్చాడట. మామిడి ఎకరాలు రాసుకున్నాడు, మొక్కజొన్న రాసుకున్నాడు. తేనెపెట్టెలు అనగానే, ఏ కాలమ్‌లో రాయాలి అని అడిగాడట. "గేదె చస్తే రాస్తారు, కోడి చస్తే రాస్తారు. ఈగ చస్తే ఎవడు రాస్తాడన్నా?"

ఎవరూ జవాబు చెప్పలేదు. పిన్ని ఆ చట్రం తీసుకుని, పట్టంతా కోసి బకెట్‌లో వేసి, ఖాళీ చట్రం అతని చేతిలో పెట్టింది. ఈసారి ఎన్ని చట్రాల నిండా ఈగలుంటే అన్ని చట్రాలే ఉంచమని, మిగతావి బయట పెట్టమని, గాలి మళ్లీ నిలకడ పట్టేదాకా పెద్దది చేయొద్దని చెప్పింది. ఆ మాట వేళకు ఎవరైనా వచ్చి చెప్పి ఉంటే ఆ కుర్రాడి పెట్టెలు మిగిలేవి. కానీ ఆ మాట ఫిబ్రవరిలో చెప్తే అర్థం కాదు. మార్చిలో, గాలి తిరిగిన వారంలో, మూత తీసిన పెట్టె పక్కన నిలబడి చెప్తేనే తలకెక్కుతుంది.

జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్‌ను 2020లో 500 కోట్ల రూపాయలతో ప్రకటించారు. అంతకు ముందే 2017లో ఖాదీ కమిషన్ పెట్టెలు పంచే కార్యక్రమం మొదలుపెట్టింది. ఇవి అనవసరమని నేననను. కానీ ఈ పనిలో పెట్టె చాలా చిన్న భాగం. దక్షిణాదిలో ఈ విద్యకు పునాది వేసినవాళ్లలో తిరుచిరాపల్లి సెయింట్ జోసెఫ్ కాలేజీ ఫాదర్ న్యూటన్ ఒకరు. 1910ల్లో ఆయన మన తొర్ర ఈగకు సరిపడే చిన్న పెట్టె రూపొందించాడు. అది ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. పెట్టె చేసి ఊరుకోలేదు, పల్లెవాళ్లను కూర్చోబెట్టి నేర్పించాడు. 1991, 92లలో థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ వచ్చి కేరళ, తమిళనాడు, కర్ణాటకల్లో ఆ తొర్ర ఈగల కాలనీల్ని ఊడ్చిపెట్టేసింది. 1962లో ఇప్పటి హిమాచల్‌లోని నగ్రోటాలో నిలదొక్కుకున్న ఇటాలియన్ ఈగ ఆ ఖాళీలో కిందికి దిగింది. ఈగ మారింది, పెట్టె పెద్దదైంది. చేతి విద్యను మాత్రం ఒక తరం నుంచి ఇంకో తరానికి అందించే ఏర్పాటు ఎక్కడా గట్టిగా నిలబడలేదు. పిన్ని ఇరవయ్యేళ్లకు పైగా నేర్చుకున్నది పిన్నితోనే ఉంది. ఆమె కొడుకు లారీలు, ప్రయాణాలు చూసుకుంటాడు. అక్టోబరు, నవంబరుల్లో వలిసె పూతకు అరకు వైపు, తర్వాత ధనియాలకు, పొద్దుతిరుగుడుకు. రాత్రిపూట గుమ్మాలకు జాలీ బిగించి లారీకెత్తుతాడు. పొద్దెక్కేలోపు దించకపోతే ఈగలు ఉక్కతో చస్తాయి. అతనికి దారి, పూత తెలుసు. పురుగు పాల తడి చూడమంటే, "అది అమ్మ చూస్తుందండీ" అంటాడు.

ఆమె పక్కన ఏడాది పొడుగునా ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి, వాళ్లకు జీతమిచ్చి నేర్పించడానికి ఎంత ఖర్చవుతుంది? ఒక లారీ పెట్టెల ఖరీదు కూడా కాదు. ఇలాంటివాళ్లు జిల్లాకు నలుగురైనా ఉంటారు. వాళ్లను గుర్తించి, గురువులుగా పెట్టుకోవడానికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త శాఖ అక్కర్లేదు. మంగళ, శుక్రవారాల్లో జిల్లాలవారీగా వచ్చే వ్యవసాయ వాతావరణ సలహాలో వరికి, మామిడికి చెప్పినట్టే, గాలివాన వచ్చేముందు తేనెగదులు తీయమని, తిండి చూడమని ఒక వాక్యం కలిపితే ఎన్ని పెట్టెలు నిలబడతాయో లెక్కేయండి.

తిండి చెట్లూ తగ్గిపోతున్నాయి. ఈ జిల్లా పామాయిల్ తోటలకు పేరు. పామాయిల్ పువ్వులో మకరందం ఉండదు, దాని పరాగసంపర్కం ఒక చిన్న ముక్కుపురుగు చేస్తుంది. తేనెటీగకు దొరికేది కాస్త పుప్పొడి మాత్రమే. జీడిమామిడి తోట తీసేసి పామాయిల్ వేసినచోటల్లా ఈగకు ఒక పూట తిండి పోయినట్టే. రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా కానుగ, వేప, చింత పోతాయి. పూతల వరసలో ఒకటి వానకు పోయినా వెనకాల ఇంకొకటి ఉండేది. ఇప్పుడు వెనకాల ఏమీ లేదు. వాతావరణం తప్పిందనుకుంటాం. ఆ తప్పును సర్దుకునే చెట్లను మనమే తీసేశాం.

సాయంత్రం తోట యజమాని వచ్చాడు. పిన్ని పెట్టెలు ఆయన తోటలోనే ఉన్నాయి. అద్దె తీసుకోడు. ఏడాదికి నాలుగు సీసాలు తేనె ఇస్తే చాలంటాడు. మంచివాడు. ఆయన రావడంతోనే పిన్ని అడిగింది:

"అన్నయ్యగారూ, రేపు మందు కొడతన్నారా?"

"తప్పదమ్మా. వాన పడిందా, ఇక తెగుళ్లు లేస్తయ్. పక్క చేలో నువ్వుకి కూడా కొడతన్నారు."

వానకంటే వాన వెలిసిన మర్నాడంటేనే ఆమెకు భయమట. చెట్టు తడిసిందంటే ప్రతి రైతూ స్ప్రేయర్ భుజాన వేసుకుంటాడు. మూడు రోజులు ఆకలితో పెట్టెలో కూర్చున్న ఈగలు సరిగ్గా ఆ ఉదయమే ఎండ చూసి ఒక్కసారిగా బయటికి వస్తాయి. జనవరి, ఫిబ్రవరుల్లో మామిడి పూత మీద తేనెమంచు పురుగుకు కొట్టే మందు సంగతీ అంతే. ఆ పురుగు పంట తినేస్తుంది, రైతు కొట్టక మానడు. కానీ పూత విచ్చుకున్నాక, పొద్దున్నే ఈగ పువ్వుమీద ఉన్నవేళ కొడితే పురుగుతోపాటు ఈగ కూడా పోతుంది. మామిడి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, గాలికి సులువుగా ఎగరదు. దాన్ని మోసుకెళ్లేవి రకరకాల ఈగలు, తేనెటీగలు, చిన్నచిన్న పురుగులు. వాటిని చంపుకుంటే పిందె తగ్గేది రైతుకే. తేనెమంచు పురుగుకు కొట్టే మందుల్లో ఒకటైన ఇమిడాక్లోప్రిడ్‌తోపాటు అదే కుటుంబానికి చెందిన మరో రెండు మందుల్ని ఐరోపా సమాఖ్య 2018లో ఆరుబయట వాడకూడదని నిషేధించింది తేనెటీగల కోసమే. మందు తగిలిన పెట్టె ఎలా ఉంటుందో పిన్ని చెప్పింది. గుమ్మం ముందు చచ్చిన ఈగలు కుప్పగా పడి ఉంటాయట, చాలావాటికి నాలుక బయటికి చాచి ఉంటుందట. పెట్టె లోపల పాలిచ్చే ఈగలూ పోయి, తడి ఆరిన అరల్లో పురుగులు మాత్రం మిగులుతాయట.

తోటాయన ముందే చెప్పాడు కాబట్టి ఆ రాత్రి ఈగలన్నీ లోపలికి చేరాక గుమ్మాలకు జాలీలు బిగించారు. పైన తడి గోనెలు కప్పారు. మందు పొద్దున కాకుండా పొద్దువాలాక కొట్టడానికి ఆయన ఒప్పుకున్నాడు. నువ్వు చేను రైతుకూ ఫోన్ చేసి ఒప్పించాడు. అన్నీ కలిపి రెండు ఫోన్లు, గంటసేపు పని.

మామిడి, జీడిమామిడి, నువ్వు, పొద్దుతిరుగుడు, కూరగాయలు వేసే రైతులారా, మీ తోటకు రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఎక్కడో ఒక చెట్టు కింద ఇలాంటి పెట్టెలు ఉండే ఉంటాయి. వాటి ఈగలు మీ పూత మీదికి వస్తూనే ఉంటాయి. ఆ పెట్టెల మనిషి ఎవరో కనుక్కుని నెంబరు రాసిపెట్టుకోండి. పూత మీద ఉన్నప్పుడు మందు తప్పదనుకుంటే పొద్దువాలాక కొట్టండి. ముందురోజు సాయంత్రమే వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి.